అన్నం పక్షం, రొట్టె పక్షం

తెలుగు ఇళ్లలో రోజువారీ భోజనానికి రెండు వంతులుంటాయి. కడుపు నింపేది ఒకటి, దాన్ని గొంతు దిగేలా చేసేది ఇంకొకటి. వరి అన్నం, జొన్న రొట్టె, రాగి సంగటి, గటక, అంబలి మొదటి వంతులోకి వస్తాయి. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పొడులు, పెరుగు రెండోదానిలోకి వస్తాయి. కోస్తాలో ఈ రెండో వంతును ఆదరువులంటారు. ఇంటి వంట మీద, ఇష్టాయిష్టాల మీద ఎక్కడ మాట సాగినా ఈ రెండింటి మధ్యే తిరుగుతుంది. ఇంటి రుచి ఉన్నది ధాన్యంలోనా, ఆదరువులోనా? ధాన్యంలోనే అయితే ఏ ధాన్యంలో?

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు వియ్యపురాళ్లు. ఒకరిది కోనసీమలోని అమలాపురం. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఇంకొకరిది పాలమూరు వైపు నారాయణపేట. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఒకరి కొడుకు, ఇంకొకరి కూతురు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మనవడిని చూసుకోవడానికి ఇద్దరూ ఆ ఇంట్లో కలిసి ఉండే రోజులు తరచూ వస్తాయి. వంటింటి పెత్తనం ఎవరిదన్న ప్రశ్న పైకి రాదు, ధాన్యం పేరుతో లోలోపల నడుస్తుంది. వియ్యపురాళ్ల మధ్య ఇంతకంటే మర్యాదైన యుద్ధం ఉండదు.

మొదట కోనసీమావిడ పక్షం. తెలుగు భోజనం అంతా అన్నం మీదే కట్టి ఉందని ఆవిడ వాదం. "వదినగారూ, విస్తరి వేశాక వరస చూడండి. మొదట పప్పూ నెయ్యీ, తర్వాత కూర, పచ్చడి, ఆపైన పులుసో చారో, చివర పెరుగు. ఇన్ని రకాలు ఒక్కొక్కటిగా కలుపుకోవాలంటే కింద అన్నం ఉండాలి కదండీ. రొట్టెతో చారు ఎలా కలుపుతారు? అన్నప్రాశన అన్నంతోనే చేస్తాం, తలంబ్రాలూ అక్షింతలూ బియ్యమే. పుట్టినప్పటి నుంచీ మనిషికి అదే ఆధారం."

పాలమూరావిడ దీనికి వెంటనే ఒప్పుకోలేదు. "తలంబ్రాలు పెండ్లినాడు పోస్తరు వదినె, దినాం పొయ్యరు. దినాం తినేదానికి శాస్త్రం అడగొద్దు, నీళ్లెక్కడున్నయో అడగాలె. మీ కాడ కాలువ ఉండె, అన్నం తిన్నరు. మా కాడ నల్లరేగడి, వానా ఉండె, జొన్న తిన్నం. ఇష్టమని మనం అనుకునేది సగం నేల చెప్పిందే."

ఈ మాటకు చరిత్రలో బలం ఉంది. గోదావరి డెల్టా ఇప్పుడున్నట్టు ఎప్పుడూ లేదు. నందన నామ సంవత్సరపు కరువు 1832–33లో సర్కారు జిల్లాలను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కల్లా సిద్ధమైంది. కాలువలు వచ్చాకే డెల్టాలో వరి ఇంతగా పరుచుకుంది. అంతకుముందు నీరు ఎక్కని పొలాల్లో చోళ్లు, గంటెలు పండేవి, పేదింటి కుండలో అవే ఉడికేవి. కోనసీమ ఇళ్లలో పెద్దవాళ్లు చోడి అంబలి మాట ఇప్పటికీ ఎత్తడం ఆ కాలపు మిగులు.

కోనసీమావిడ సాహిత్యాన్ని సాక్ష్యానికి పిలిచారు. "ఆనకట్టలకు ముందు అన్నం లేదంటే ఎలాగండీ? కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏమి వడ్డించేవాడో రాశాడు. వానాకాలంలో మంచి వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, వరుగులు, వడియాలు, పెరుగు. చలికాలంలో వేడన్నం, మిరియాల పొడి, ముక్కుకెక్కే ఆవ పచ్చడి. అయిదు వందల ఏళ్ల నాడే మన విస్తరి ఇదండీ."

"రాసింది రాజు," అన్నారు పాలమూరావిడ. "పెట్టింది తమిళ దేశం విల్లిపుత్తూరుల, గుడికి వచ్చిన అతిథులకు. రైతింట్ల దినాం ఏం ఉడికిందో అండ్ల లేదు. అది చూడాలంటే శ్రీనాథుని దగ్గరికి పోవాలె. పలనాడుకు పోయి జొన్నకూడు తినలేక గోడు వెళ్లబోసుకున్న చాటువులు ఆయన పేరు మీదనే ఉన్నయి. సన్నన్నం దొరకని ఊళ్లకు పోయిండు, కోపం వచ్చింది. గానీ ఆ ఊళ్లోళ్లు ఆ జొన్నల మీదనే బతికిన్రు గద!"

ఇక్కడ రెండు సాక్ష్యాలూ నిజమే, కాని రెండూ ఒక్కటి కావు. కావ్యం చెప్పేది పెద్దింటి ఆతిథ్యం, చాటువు చెప్పేది మెట్ట ఊరి దైనందినం. పలనాడు కథ అక్కడితో ఆగలేదు కూడా. ఆ సీమ అంచునే నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. శ్రీనాథుడు వరి కోసం అలమటించిన నేల మీద ఒక తరంలో వరి మళ్లు లేచాయి. జొన్న తినే ఊళ్లు అన్నం తినే ఊళ్లయ్యాయి. రుచి మారిందని అక్కడ ఎవరూ కంటతడి పెట్టినట్టు కనిపించదు.

కాలువ రాని చోటికి రేషన్ దుకాణం వచ్చింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక పాలమూరు, అనంతపురం వంటి మెట్ట జిల్లాల్లో కూడా పేదింటి రోజువారీ ధాన్యం బియ్యమైంది. ఆ తర్వాత బోర్లు, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు, తెలంగాణలో 2018 నుంచి సాగుకు ఇరవై నాలుగు గంటల సరఫరా వచ్చాయి. జొన్న చేలల్లో కొన్ని వరి మళ్లుగా, ఇంకెన్నో పత్తి చేలుగా మారాయి. 2025 ఉగాదికి తెలంగాణ రేషన్‌లో సన్న బియ్యం కూడా మొదలైంది. ఒకప్పుడు దొడ్డు బియ్యం తీసుకుని అమ్మేసుకునే ఇళ్లు ఇప్పుడు రేషన్ బియ్యమే వండుకుంటున్నాయి.

"అయితే మీరే ఒప్పుకున్నట్టు కదండీ," అన్నారు కోనసీమావిడ. "చేతికి అందగానే అందరూ అన్నం వైపే వచ్చారు. బలవంతం ఎవరూ చేయలేదు."

"బలవంతం లేదు వదినె. మరి మా ఇండ్లల్ల ఆడోళ్లు ఎందుకు ఊపిరి పీల్చుకున్నరో అది చెప్తా వినుండ్రి." ఇక్కడి నుంచి ఆవిడ మాట రొట్టె పక్షాన్ని కాస్త వదిలి, రొట్టె చేసే చేతుల పక్షానికి జరిగింది.

జొన్న రొట్టె చేయడం అన్నం వండినంత తేలిక కాదు. గోధుమ పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ జొన్నలో లేదు. అందుకే పిండిలో మరిగే నీళ్లు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండి ఉబ్బి కొంత పట్టు ఇస్తుంది. కొద్ది కొద్దిగా ముద్ద తీసుకుని అరచేత్తో మెదపాలి. పీట మీద పొడి పిండి చల్లి గుండ్రంగా తట్టాలి. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో నీళ్లు తుడవాలి. తిప్పి, చివరికి నిప్పుల మీద పొంగించాలి. విసిరి చాలా రోజులైన పిండితో తడితే అంచులు పగులుతాయి. అందుకే ఒకప్పుడు తెల్లవారుజామున విసుర్రాయి తిరిగేది. పది మంది ఉన్న ఇంట్లో రొట్టెలన్నీ ఒక్కొక్కటే కాలాలి. వేడివి వేడిగా వడ్డించాలి. పెనం ముందు కూర్చున్నావిడ అందరి తర్వాత తినాలి.

అన్నానికి ఈ బాధ లేదు. ఒక్క ఎసరుతో ఇంటిల్లిపాదికీ అయిపోతుంది. కొత్త బియ్యమైతే ముద్దవుతుందనీ, పాత బియ్యమైతే పొడిపొడిగా వస్తుందనీ తెలిస్తే చాలు. మిగతాది కుక్కర్ చూసుకుంటుంది. దంచుడు పని రైస్ మిల్లుకు పోయాక, గంజి వార్చడం కూడా పోయాక, అన్నం వండటానికి మనిషి పొయ్యి దగ్గర నిలబడాల్సిన అవసరమే లేకపోయింది. జొన్న వెనక్కి తగ్గడానికి కాలువలు, రేషన్ ఎంత కారణమో ఇదీ అంతే కారణం. పుస్తకాల్లో దీనికి తక్కువ చోటు దొరుకుతుంది. రొట్టె మీద మమకారం ఒలికించే మగవాళ్ల మాటల్లో అసలు చోటే దొరకదు.

"అందుకే నేను రాత్రి పూట నాలుగు రొట్టెలే చేస్త," అన్నారు పాలమూరావిడ. "ఇప్పుడు ఇష్టానికి చేసుకుంటున్నం. అప్పుడు చెయ్యక తప్పేది కాదు."

తర్వాతి ప్రశ్న ఆరోగ్యం. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు అంతకు చాలా ముందు నుంచే పాత విత్తనాలను కాపాడుతున్నాయి. ఆ పనికి 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. నగరంలో ఇప్పుడు సాయంత్రం కాగానే రోడ్డు పక్క జొన్న రొట్టెల పెనాల ముందు జనం నిలబడతారు. వాళ్లలో షుగరు ఉన్నవాళ్లూ ఉంటారు. ఒకప్పుడు పేదవాడి కూడైన జొన్న ఇప్పుడు మామూలు బియ్యం కంటే ఖరీదు.

పాలమూరావిడ అంకెలతో వచ్చారు. జొన్నలో పీచు మిల్లు పట్టిన బియ్యంలో కంటే మూడు రెట్లకు పైగా ఉంటుంది. ఇనుము కూడా ఎక్కువే. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటే తెల్ల బియ్యంలో పది కూడా ఉండదు. "ఇంక దీని మీద ఏం వాదిస్తరు వదినె?"

కోనసీమావిడ సైన్సు టీచరు. ఊరికే ఒప్పుకోలేదు. "అంకెలు సరే. ఒక్క జొన్న మీదే బతికిన వాళ్లకు ఏమైందో కూడా చెప్పుకోవాలి కదండీ. పెల్లాగ్రా అని ఒక జబ్బు ఉండేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేచేది, విరేచనాలు, మతి చలించడం. మీ వైపు జొన్న తినే పేదవాళ్లలోనే అది కనిపించేది. హైదరాబాదులోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్, శ్రీకాంతయ్య అనే శాస్త్రజ్ఞులు దాని మీద పనిచేశారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం నియాసిన్ కొరతకు దారి తీస్తుందని 1960లో ప్రతిపాదించారు. రొట్టె అమృతమని ఊరికే అనేయకండి."

"మరి మీ దిక్కు ఉబ్బు రోగం?" అని అడిగారు పాలమూరావిడ. "బెరిబెరి. ఎక్కడిదది?"

ఆ ప్రశ్న సరైన చోట తగిలింది. బెరిబెరి బ్రిటిష్ కాలపు మద్రాసు రాష్ట్రంలో ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారుల్లోనే, అంటే కోస్తా ఆంధ్ర వరి జిల్లాల్లో. బియ్యపు గింజ పై పొరలో బి1 విటమిన్ ఉంటుంది. ఉప్పుడు బియ్యంలో, వడ్లను ఉడకబెట్టేటప్పుడు, అది కొంత లోపలికి ఇంకుతుంది. పచ్చి వడ్లను మిల్లు పట్టించి తెల్లగా పాలిష్ చేస్తే తవుడుతో పాటే పోతుంది. మిగిలింది కడిగిన నీళ్లలో కొంత, వార్చిన గంజిలో కొంత వెళ్తుంది. దంపుడు బియ్యం తిన్నంత కాలం అంతగా లేని జబ్బు మిల్లు బియ్యంతో పెరిగింది. రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం పేరే బెరిబెరి విచారణ విభాగం. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. అన్నం తినేవాళ్ల జబ్బు కోసం పుట్టిన సంస్థే రొట్టె తినేవాళ్ల జబ్బు గుట్టు కూడా వెతికింది.

రెండు జబ్బుల్లోనూ దోషం గింజది అనడం తేలిక, కాని చాలదు. పప్పు, పాలు, ఆకుకూర తోడున్న ఇళ్లలో జొన్న తిన్నా పెల్లాగ్రా రాలేదు, అన్నం తిన్నా బెరిబెరి రాలేదు. జబ్బు పడింది ఒట్టి గింజ తినాల్సి వచ్చిన వాళ్లు. ఉప్పు, మిరపకాయ తప్ప ఆదరువు లేని కంచం ఎక్కడ ఉంటే అక్కడ ఏదో ఒక రోగం వచ్చింది. ఇదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా రోజు తిండిలో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించకుండా చూసుకోమంటాయి. చాలా తెలుగు కంచాల్లో ఆ వాటా ఇంకా ఎక్కువే.

వియ్యపురాళ్లు కొంతసేపు మాట్లాడుకోలేదు. కోనసీమావిడ కందిపప్పు కడగడం మొదలుపెట్టారు. పాలమూరావిడ చింతచిగురు ఏరడానికి కూర్చున్నారు. వాదం పప్పులోకి మారింది. నిజానికి ఈ వాదంలో అన్నిటికంటే సారమున్న భాగం ఇదే.

వరి, జొన్న రెండిటిలోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. కందిపప్పులో అది పుష్కలం. పప్పులో కొరవడే మెథియోనిన్ గింజల్లో దొరుకుతుంది. రెండూ కలిస్తేనే మాంసకృత్తుల లెక్క సరిపడుతుంది. ఈ లెక్క ఎవరికీ తెలియక ముందు నుంచే గోదావరి నుంచి తుంగభద్ర దాకా ప్రతి ఇంట్లో పప్పు ఉడికింది. కందిపప్పులో తాండూరుది పేరున్నది. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "అది మా దిక్కుది," అని పాలమూరావిడ గుర్తు చేశారు. కోనసీమావిడ కాదనలేదు, తమ ఇంట్లో కూడా ఆ పప్పే తెప్పిస్తారు గనక.

పప్పు ఒక్కటే, కాని పులుపు నెల నెలా మారుతుంది. ఎండాకాలం రాగానే మామిడికాయ పప్పు. చెట్టు చిగురేసిన వారాల్లో చింతచిగురు పప్పు. వానలు పడ్డాక లేత గోంగూర, పాలమూరులో పుంటికూర. కార్తీకానికి ఉసిరి, ఆ వెంటే చింతకాయ. ఉప్పు, పసుపు వేసి దంచిన చింతకాయ తొక్కు జాడీలోకి వెళ్తే ఏడాది పొడుగునా పచ్చడి అవసరాలు తీరతాయి. ఏదీ దొరకని రోజు చింతపండు ఉండనే ఉంది, టమాటా ఎప్పుడూ ఉంటుంది. దోసకాయ పప్పు మధ్యలో ఎప్పుడైనా వస్తుంది. దోసకాయ చేదుగా ఉందేమో చూడకుండా వేస్తే ఆ పూటకు ఇంట్లో అందరి మూతులూ ముడుచుకుంటాయి.

"పులుపు ముందే వేస్తే పప్పు ఉడకదండీ," అన్నారు కోనసీమావిడ, పాలమూరావిడ చిగురును అప్పుడే కుక్కర్లో వేయబోతుంటే. మాట నిజం. గింజ గోడలను మెత్తబరిచే మార్పులను పులుపు ఆలస్యం చేస్తుంది. అందుకే పప్పు విడిగా ఉడికాక చింతపండు రసం పోస్తారు. చిగురు, గోంగూరలను పక్కన మగ్గించి కలుపుతారు. "నాకూ తెలుసు వదినె, కుక్కర్ల ఇదంత నడువది అనుకున్న," అని పాలమూరావిడ చిగురు వెనక్కి తీశారు. కుక్కర్ ఆ లోపాన్ని చాలావరకు కప్పిపుచ్చుతుందన్నదీ నిజమే.

తేడాలు లేవని కాదు. కోస్తాలో మామిడికాయ ముక్కలకు ఆవపిండి, కారం, నువ్వుల నూనె పడితే ఆవకాయ. తెలంగాణ ఇళ్లలో అందులో అల్లం వెల్లుల్లి ముద్ద కలుస్తుంది. కోనసీమలో కంద బచ్చలికీ పనసపొట్టుకూ ఆవ పెట్టకపోతే కూర పూర్తి కానట్టే లెక్క. పాలమూరులో పచ్చిపులుసు పొయ్యి ఎక్కదు. నానబెట్టిన చింతపండు పిసికి, కాల్చిన మిరపకాయ, ఉల్లిపాయ నలిపి వేస్తే అయిపోతుంది. రాయలసీమ ఊరుబిండిలో వేరుశెనగ గింజలు రాజ్యం చేస్తాయి. అక్కడి నుంచి మూడో వియ్యపురాలు కూడా ఉండి ఉంటే సంగటి కోసం ఈ వాదం ఇంకో పూట సాగేది. మిరపకాయ కూడా ఇక్కడ పుట్టింది కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో అమెరికా ఖండం నుంచి వచ్చింది. రాయలు రాసిన భోజనంలో ఘాటు కోసం మిరియాలు, ఆవాలు ఉండటానికి కారణం అదే. అంటే ఆదరువులు కూడా మారాయి. కాని అవి మారింది కొత్తదాన్ని కలుపుకుని. ధాన్యం మాత్రం పాతదాన్ని తోసేసి మారింది. మిరపకాయ వచ్చాక ఆవ పోలేదు. బియ్యం వచ్చాక జొన్న పోయింది.

కోనసీమావిడ ఈ తేడాను ఒప్పుకోలేదు. ఆవిడ చివరి అస్త్రం అమెరికా. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం ఆపేసింది. ఆ వారంలో అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం వరసలు కట్టారు. ఒక్కొక్కరికి ఇన్నే అని దుకాణాలవాళ్లు బోర్డులు పెట్టాల్సి వచ్చింది. నిషేధం 2024 సెప్టెంబరులో గానీ తొలగలేదు. "చింతపండు కోసం ఎవరైనా అలా పరిగెత్తారాండీ? అన్నం లేదనగానే ప్రాణం పోయినట్టయింది."

"ఆ లైన్ల మా పాలమూరు పిల్లలు, అనంతపురం పిల్లలు లేకుండెనా? వాళ్ల తాతలు జొన్నలు తిన్నరు. రెండు తరాలల్ల సన్న బియ్యం లేకుంటే బతకలేమన్న కాడికి వచ్చిన్రు. అలవాటు ఎంత తొందరగా పడుతదో అదే సాక్ష్యం," అన్నారు పాలమూరావిడ. బాపట్ల పరిశోధన కేంద్రం సాంబ మసూరిని విడుదల చేసింది 1986లో. అంటే వీళ్లు ప్రాణంగా చూసుకునే సన్న బియ్యంలో పేరున్న ఈ రకానికి వయసు నలభై ఏళ్ల చుట్టూ. చింతపండు కోసం పరుగు లేకపోవడానికి ఇంకో చిన్న కారణం ఉంది. అక్కడికి వెళ్లే ప్రతి తెలుగు పెట్టెలో ఊరగాయ, కందిపొడి, చింతపండు బట్టల కంటే ముందు సర్దుతారు. నిషేధం వచ్చినా అవి ఇంట్లోనే ఉన్నాయి.

ఇక మిగిలింది ఇష్టం మాట. రోజూ తినేది ఒకటి, అన్నిటికంటే ఇష్టమైనది ఇంకొకటి. ఇంటి భోజనం మీద మాట్లాడేటప్పుడు ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల సగం వాదాలు పుడతాయి. ఒక్కటే వంటకం పేరు చెప్పమంటే కోనసీమావిడ అన్నం పేరు ఎత్తలేదు. పనసపొట్టు ఆవ పెట్టిన కూర అన్నారు. అది రోజూ వండేది కాదు. కాయ దొరకాలి, పొట్టు సన్నగా కొట్టే చెయ్యి ఉండాలి, ఆవ పెట్టే సమయం తెలియాలి. పాలమూరావిడ జవాబు ఇంకా విచిత్రం. రొట్టె పక్షాన ఇంతసేపు నిలబడిన ఆవిడ, చిన్నప్పుడు పండుగనాడు మాత్రమే దొరికిన వరి బువ్వ, అందులోకి పచ్చిపులుసు అన్నారు. "ఏడాదికి నాలుగైదు సార్లు. ఆ వాసన ఇప్పటి అన్నంల రాదు." ఇప్పుడు రోజూ అన్నమే అందుతోంది గనక ఆ రుచి రాదని కోనసీమావిడ అన్నారు. పాలమూరావిడ దాన్ని తోసిపుచ్చలేదు.

రోజువారీ తిండికి కావలసింది వేరు. అది విసుగు పుట్టించకూడదు, తేలిగ్గా కావాలి, ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ సరిపోవాలి. పప్పూ చారూ పెరుగూ ఈ మూడు పరీక్షలూ నెగ్గుతాయి, పనసపొట్టు నెగ్గదు. ఎవరూ తమ ప్రాణప్రదమైన వంటకంగా చారు పేరు చెప్పరు. కాని జ్వరం తగ్గిన మనిషి మొదట అడిగేది అదే.

ఆ ఇంట్లో ప్రస్తుతం మధ్యాహ్నం అన్నం, రాత్రి రొట్టె. రెండు పూటలా పప్పు ఒకే గిన్నెలోది. ధాన్యం దగ్గర ఎవరి పక్షం వారిదే. ఆదరువుల దగ్గర మాత్రం కోనసీమావిడ పచ్చిపులుసు నేర్చుకున్నారు, పాలమూరావిడ కందకు ఆవ పెట్టడం నేర్చుకున్నారు. సంవాదం తేల్చింది ఇంతే: తెలుగు ఇంటి రుచి గింజలో కంటే దాని తోడులో ఎక్కువగా ఉంది, కంచం ఆరోగ్యం కూడా చాలావరకు అక్కడే ఉంది.

బియ్యమూ జొన్నలూ దుకాణంలో ఎప్పుడు అడిగినా దొరుకుతాయి. ఆవ ఎంత పెట్టాలో, చింతకాయ ఏ పదునులో దంచాలో, ఊరుబిండికి గింజలు ఎంత వేయించాలో మాత్రం చేసిన చేతులకే తెలుసు. ఇంటి వంటలు రాసిపెట్టుకునేవారు పండుగ పిండివంటలతో ఆగిపోకుండా, అమ్మమ్మలు నానమ్మలు పొయ్యి దగ్గర ఉండగానే ఈ రోజువారీ పచ్చళ్లూ పులుసుల కొలతలు కూడా అడిగి రాసుకోవాలి.